పానా పట్టిన చేతులు

నా నోరు మంచిది కాదని మా షెడ్డుకొచ్చే వాళ్ళందరికీ తెలుసు. అయినా వస్తారు, ఎందుకంటే మా పని మంచిది. నాలుగంతస్తుల బిల్డింగు కింద సెల్లారులో ఉంటుంది మా షెడ్డు. ఉండేది ఇద్దరమే, నేనూ మా చెల్లీ. మొండికేసిన బోల్టులు విప్పేది నేను. సందుల్లో చెయ్యి దూర్చేది అది. దాని చెయ్యి సన్నం, వేళ్ళు పొడుగు. నా చెయ్యి పట్టని చోట అది మోచేతి దాకా దూర్చి, కళ్ళు మూసుకుని, లోపల ఏ నట్టు వదులైందో చెప్పేస్తుంది. దాని చేతులే మా అన్నం. దాని చేతికి చిన్న గీత పడినా నాకు ప్రాణం పోయినంత పనవుతుంది.

అందుకే మాకు ఒకటే రూలు. ఇంజన్లో చెయ్యి ఎవరు పెడితే కారు తాళం వాళ్ళ జేబులోనే ఉండాలి. ఈ రూలు మీద ఎంత నమ్మకమంటే, బ్యాటరీ వైరు తీసే అలవాటే మాకు పోయింది. వైరు తీస్తే రేడియోలో పెట్టుకున్న స్టేషన్లన్నీ చెరిగిపోతాయి, కస్టమర్లు నా బుర్ర తినేస్తారు. తాళం మన జేబులో ఉండగా ఇంక భయమేంటి అనుకునేవాళ్ళం.

ఆ మధ్యాహ్నం కుండపోతగా వాన. పట్టపగలే సెల్లారంతా చీకటి. ఒక బూడిదరంగు కారు కీచుమని అరుచుకుంటూ లోపలికి దిగింది. దిగినాయన చొక్కా మీద ఒక్క మడత లేదు, అంత వానలోనూ. నేను మనసులోనే ఇస్త్రీ చొక్కా అని పేరు పెట్టేశాను. రెండు వారాల నుంచి కారు ఏడుస్తోందండీ అన్నాడు. కారు ఏడవదు, బెల్టు ఏడుస్తుంది అని చెప్పి బానెట్ ఎత్తాను.

ఇంజన్ పక్కన ఒకటే పొడుగాటి బెల్టు ఉంటుంది. పాములా మెలికలు తిరుగుతూ అక్కడున్న చిన్న చక్రాలన్నిటినీ అదే తిప్పుతుంది. అది వదులు కాకుండా స్ప్రింగుతో నొక్కి పట్టే చిన్న చెయ్యి లాంటిదే టెన్షనర్. ఈయన కారులో దాని చక్రం తాగినవాడిలా ఊగుతోంది. మార్చాలి, గంట పడుతుంది అన్నాను. చెల్లి తాళం అడిగి తీసుకుని, జేబులో వేసుకుని బొత్తం పెట్టుకుంది.

మామూలుగా అయితే కారులో ఎవర్నీ కూర్చోనివ్వను. ఈయన మాత్రం నెమ్మదిగా, మా ఆవిడ వెళ్ళిపోయిందండీ, ఇంట్లో ఉండలేక ఈ సీట్లోనే పొద్దు పుచ్చుతున్నాను, ఇక్కడే కూర్చుంటాను అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. పాపం అనిపించింది. సరే కానివ్వండి అన్నాను. ఇంట్లో రెండో తాళం ఉందా, ఎక్కడుంది అని అడగాలని నాకు తట్టనే లేదు. నా బుద్ధి గడ్డి తింది.

బానెట్ ఎత్తి ఉంటే లోపల మనిషి కనపడడు. అద్దానికీ బానెట్‌కీ మధ్య జానెడు సందు ఉంటుంది. అందులోంచి స్టీరింగ్ మీద ఆయన రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. కదలడం లేదు.

పొడుగాటి పానా తగిలించి టెన్షనర్‌ని వెనక్కి లాగాను. స్ప్రింగు మూలిగింది. చెల్లి బెల్టు తప్పించింది. బోల్టు విప్పి పాత టెన్షనర్ బయటికి తీసేసరికి గుప్పుమని వాసన... గ్రీజు వాసన కాదు, కాలిన రబ్బరు వాసన కాదు. తలనూనె. దాని అడుగున కుళ్ళిన మాంసం.

చెల్లి చెయ్యి దూర్చింది. కళ్ళు మూసుకుంది. వెంటనే తెరిచింది.

"అక్కా... జుట్టు."

మెల్లగా లాగింది. వస్తూనే ఉంది. మూరెడు పొడుగు నల్లటి జుట్టు, లోపలి చక్రం ఇరుసుకి చుట్టుకుని గట్టిగా బిగిసిపోయి ఉంది. చివర ఎండిన చర్మం ముక్క, అరచేతిలో సగం ఉంటుంది. చర్మానికి ఇంకా కుదుళ్ళున్నాయి.

ఆవిడ ఎక్కడికి వెళ్ళిపోయిందో నాకు అర్థమైంది. ఈ బానెట్ కింద తల వంచి చూడమని ఉంటాడు. చూస్తుండగా ఇంజన్ ఆన్ చేసి ఉంటాడు.

పారిపోదామంటే బయటికి దారి అతని తలుపు పక్క నుంచే. చెల్లి చెవిలో చెప్పాను, ఏమీ చూడనట్టే ఉండు, కొత్తది బిగించి పంపించేద్దాం, కారు గేటు దాటగానే పోలీసులకి ఫోన్ చేద్దాం అని. అది తల ఊపింది. దాని పెదాలు పాలిపోయాయి.

కొత్త టెన్షనర్ బిగించాను. పానా మీద బరువంతా వేసి స్ప్రింగుని వెనక్కి పట్టాను. చెల్లి బెల్టుని ఒక్కో చక్రం మీదికీ ఎక్కిస్తోంది. ఒకటి... రెండు... మూడు... ఆఖరిది లోపల, సందులో. వేళ్ళు లోపలికి పెట్టింది.

నేను సందులోంచి చూశాను.

స్టీరింగ్ మీద ఒక చెయ్యే ఉంది.

టిక్...

ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది. చెల్లి చెయ్యి విసురుగా లోపలికి పోయింది. మొహం వెళ్ళి రేడియేటర్‌కి కొట్టుకుంది. అరుపు సగంలోనే ఆగిపోయింది. వెచ్చటి రక్తం నా కళ్ళల్లో పడింది. బెల్టు దాని రెండు వేళ్ళని నమిలేస్తోంది. ఎముక చిట్లిన చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినపడింది.

వాణ్ణి చంపేయాలి... కానీ పానా వదలకూడదు. వదిలితే స్ప్రింగు బెల్టుని బిగిస్తుంది, చెయ్యి మొత్తం పోతుంది. లాగవే, చెయ్యి లాక్కోవే అని గొంతు చించుకున్నాను. ఇంజన్ ఇంకా పెంచాడు. నా భుజం పీకేస్తోంది. అరచేతుల్లో చర్మం ఊడుతోంది. పానా ఒక్కో వేలెడూ ముందుకి జారుతోంది...

అప్పుడు నా చేతుల మీద ఇంకో రెండు చేతులు పడ్డాయి.

చల్లగా. తడిగా. వెనక నుంచి. నా మెడ మీద తలనూనె వాసన. మేమిద్దరం కలిసి లాగాం. పానా వెనక్కి వచ్చింది. చెల్లి చెయ్యి విడిపడి బయటికొచ్చింది... రెండు వేళ్ళు లేకుండా.

ఆ క్షణంలోనే కారు లోపల మొదలైంది.

దబ్. దబ్. దబ్.

మెత్తటి దాన్ని గట్టి దానికేసి కొడుతున్న చప్పుడు. ప్రతి దెబ్బకీ హారన్ మోగుతోంది. మధ్యలో అతని గొంతు.

"వద్దు... జుట్టు వదులు... వద్దు..."

దబ్.

తర్వాత మాటల్లేవు. దెబ్బలు మాత్రం చాలాసేపు ఆగలేదు. అద్దం లోపలి నుంచి ఎర్రబడింది. ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. నా చేతుల మీద చేతులు లేవు.

చెల్లి చేతికి నా చొక్కా చింపి కట్టి, దాన్ని భుజానేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. పోలీసులు కారు అద్దం పగలగొట్టి అతన్ని బయటికి తీశారట. తలుపులన్నీ లోపలి నుంచే గడియ వేసి ఉన్నాయి. రెండో తాళం స్టీరింగ్ పక్కన వేలాడుతూనే ఉంది. అతని నుదురు లోపలికి నొక్కుకుపోయి, ముందు జుట్టంతా చర్మంతో సహా ఊడిపోయి ఉంది. లోపలికి ఎవరూ వెళ్ళలేదు కాబట్టి తనే కొట్టుకున్నాడని రాసుకున్నారు. వాళ్ళింటి స్టోర్ రూమ్‌లో గోతాం కింద భార్య దొరికింది. తల సగం ఒలిచేసినట్టుందని చెప్పారు.

చెల్లి బతికింది. నాకు అంతకంటే ఏం కావాలి? కానీ ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అది నాతో సరిగ్గా మాట్లాడదు. గదిలో ఒక్కతే ఉంటుంది, లోపల గడియ వేసుకుని. అన్నం గుమ్మం దగ్గర పెట్టమంటుంది. భయపడిందిలే, మెల్లగా అదే సర్దుకుంటుంది అనుకున్నాను.

ఇవాళ పొద్దున కట్టు విప్పించడానికి వెళ్ళాలి. తలుపు కొట్టాను. తీయలేదు. తలుపు వెనక నుంచి గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ సందులోంచి నేనూ చూశాను. లోపల వాడి జుట్టు పట్టుకుని స్టీరింగ్‌కేసి కొట్టింది నువ్వే. నీ చొక్కా. నీ మొహం."

నేను నీ పక్కనే ఉన్నాను కదే, పానా పట్టుకుని, అన్నాను.

"పక్కన కూడా ఉన్నావు. అందుకే అడుగుతున్నా. ఇద్దరిలో ఇంటికొచ్చింది ఎవరు?"

ఒళ్ళు మండింది. మతి గానీ పోయిందా, దీన్ని కాపాడటానికి నా భుజం ఊడింది, నన్నే అనుమానిస్తుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అది అంతా విని, నెమ్మదిగా అంది.

"చిన్నప్పుడు నన్నొక పేరుతో పిలిచేదానివి. మనిద్దరికే తెలుసు. ఆ పేరు చెప్పు. తలుపు తీస్తాను."

నాకు నవ్వొచ్చింది. ఎన్ని వేలసార్లు పిలిచి ఉంటాను. ఇంతేనా అనుకుని నోరు తెరిచాను.

తలుపు అవతల నా చెల్లి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోంది. ఇవతల నేను నోరు తెరుచుకుని నిలబడే ఉన్నాను... మొదటి అక్షరం కూడా గుర్తు రావడం లేదు.