గాలి పంపు దగ్గర పిచ్చుక

"ఫెర్రీని ఆపేస్తే సరిపోదా సార్?"

"ఆపితే ఒడ్డునుంచే బటన్ నొక్కుతారు. నిండా జనం."

గూఢచారి విభాగం చీఫ్ పెద్దాయన మాట అంతే, ముక్కలుగా రాలుతుంది. విదేశీ ముఠా ఒకటి ఫెర్రీ అడుగున మాగ్నెట్ బాంబు అంటించింది. రేవు ముఖద్వారంలో పేల్చి, ఓడని అక్కడే ముంచి దారి మూసేయాలని వాళ్ల ప్లాన్. బయల్దేరే సైరన్ మోగేలోపు ఎవరో ఒకరు నీళ్లలో దిగి డిటొనేటర్ ఊడదీయాలి.

దిగేది ఏజెంట్ నీటికాకి. పక్కనున్నది ఏజెంట్ పిచ్చుక, స్వయానా నీటికాకి పెళ్లాం తమ్ముడు. పిచ్చుకకిది మొదటి మిషన్. ఇన్నాళ్లూ ఆఫీసులో టెలిఫోన్లు ఎత్తీ ఎత్తీ చెవులు అరిగిపోయాయి. కరాటే వచ్చు, కళ్లకి గంతలు కట్టినా పిస్టల్ విప్పి బిగించగలడు.

"నా పనేంటి సార్?"

"పంపు తిప్పడం."

అక్కడే సగం ప్రాణం పోయింది వాడికి.

ఈ పంపు ఐడియా డైవింగ్ మ్యూజియం మేడమ్‌ది. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు చేరేసే మనిషి. ఆవిడ వస్తోందంటే సెంటు వాసన ముందే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మ్యూజియంలో ఒక్కొక్కటే చూపించుకుంటూ వచ్చింది.

"మొదట్లో ఇదిగో, బోర్లించిన తొట్టి. అందులో ఇరుక్కున్న గాలే మనిషికి ఆధారం. తర్వాత ఈ రాగి హెల్మెట్, పైనుంచి పంపుతో గాలి. ఆ తర్వాత వీపున సిలిండర్. అదిగో, ఆ చివరిది వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ ఇస్తుంది. ఒక్క బుడగ పైకి రాదు."

"అదే ఇవ్వండి," అన్నాడు నీటికాకి.

"రబ్బరు సూటు కనబడితే ముఠా ఊరుకుంటుందా? రాగి హెల్మెట్ వాళ్లు రేవు గోడ మరమ్మతుకి రోజూ దిగుతారు. ఎవరూ పట్టించుకోరు."

పెద్దాయన తలూపాడు. "పంపు దగ్గర బావమరిదే ఉండాలి. పాత డైవర్ల పద్ధతి. అక్క కాపురం కూల్చుకోడు కదా."

రేవులో పేపర్లమ్మేవాడు దగ్గరికొచ్చి గొణిగాడు. "నీళ్లు ఉప్పగా ఉన్నాయా?"

"చక్కెర తేలేదు," అన్నాడు పిచ్చుక.

"మనవాళ్లే. ఇంజన్ వేడెక్కుతోంది. కానివ్వండి."

బావ మునిగాడు. పిచ్చుక తిప్పడం మొదలెట్టాడు. అతికించిన గడ్డం ఒకటే దురద. గోక్కుందామంటే రెండు చేతులూ పిడి మీదే. ఇందుకా తను కరాటే నేర్చుకున్నది? భుజాలు మండుతున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది, బుడగలు మాత్రం హాయిగా పైకొస్తున్నాయి.

సెంటు వాసన వచ్చింది.

"పాపం, అలిసిపోయావు. ఆపెయ్ బాబూ," అంది మేడమ్. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ తొంగి చూస్తోంది.

"మీరు మనవాళ్లు కదా!"

"మీరలా అనుకున్నారు. సిలిండరైతే మీ బావ ఊపిరి వీపున కట్టుకుని పోతాడు. గొట్టమైతే నా కాళ్ల దగ్గరే ఉంటుంది. అందుకే ఇది అంటగట్టాను. ఆపు."

"కాల్చుకోండి. ఆపితే మా అక్క ఇంతకన్నా ఘోరంగా చంపుతుంది."

తిప్పుతూనే ఉన్నాడు. ఒక్క తన్ను తందామంటే ఆవిడ అందనంత దూరంలో నించుంది. కొట్టలేడు, గోక్కోలేడు, అరిస్తే కాలుస్తుంది. తను పడిపోతే గాలి ఆగిపోతుంది. ఏడుపొక్కటే తక్కువ.

పిస్టల్ మోగితే రేవంతా పరిగెత్తుకొస్తుందని ఆవిడకీ తెలుసు. పళ్లు కొరికి, ఒక అడుగు ముందుకొచ్చి, కత్తి తీసి గొట్టం తెగ్గోసేసింది.

గాలి బుస్సుమంది. పూర్వం గొట్టం తెగితే హెల్మెట్లో గాలి వెనక్కి పోయి, నీటి బరువు మనిషినే అందులోకి నొక్కేసేది. ఎందరు పోయాకో ఎవరికో బుద్ధి పుట్టి, గొట్టం హెల్మెట్లోకి చేరేచోట చిన్న తోలు మూత పెట్టారు. గాలిని లోపలికే పోనిస్తుంది గాని వెనక్కి రానివ్వదు. ఆ తోలు ఇన్నేళ్లకి ఎండిపోయిందో, బతికే ఉందో!

అయితే, గొట్టమే లేనప్పుడు ఇక తిప్పేదేముంది?

రెండు చేతులూ ఖాళీ. ఆ సంగతి మేడమ్‌కి ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. ఒక్క కరాటే దెబ్బకి పిస్టల్ నీళ్లలో పడింది, ఆవిడ చెక్కల మీద పడింది. పడుతూనే లిప్‌స్టిక్ తీసి దాని అడుగునున్న బాంబు బటన్ నొక్కేసింది. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

పిచ్చుక కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు. ఫెర్రీ తీరిగ్గా కదిలింది. దాని పక్కన, సీసపు బరువులన్నీ వదిలించుకుని, ఉబ్బిన బూరెలా తేలాడు నీటికాకి. పిడికిట్లో డిటొనేటర్. తోలు మూత బతికే ఉందన్నమాట.

పేపర్లవాడు మేడమ్‌కి బేడీలు వేశాడు. పిచ్చుక తాడు లాగి, హెల్మెట్ మరలు విప్పాడు. బావ చేప నోరు తెరిచినట్టు తెరిచి, నాలుగు గుక్కలు పీల్చి, మొదటి మాటగా అన్నాడు:

"గాలెందుకు ఆపావురా? మీ అక్కతో చెప్తానుండు!"

రేడియో గరగరలాడింది. "భేష్ నీటికాకీ. మెడల్ ఖాయం. పిచ్చుకా, పంపు తుడిచి మ్యూజియంలో అప్పజెప్పు."

"ఎవరికి సార్? మేడమ్‌ని ఇప్పుడే పట్టుకున్నాను కదా."

"అవును కదూ. పోస్టు ఖాళీ. రేపట్నుంచి నువ్వే చూసుకో."

పిచ్చుక ఆ రాగి హెల్మెట్ తీసి తన తలకే తగిలించుకున్నాడు. అందులో రేడియో అంతగా వినబడదు.