రోజుకి ఒక్క గుడి

"ఈజిప్టులో హలాల్ భోజనం దొరుకుతుందా అని అడుగుతున్నారే అమ్మాయ్!"

తవ్‌ఫీక్ మామయ్య కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "లక్సర్ వస్తూ హలాల్ కోడి ఎక్కడుందంటే ఏం చెప్పను? హలాల్ కానిది వెతకాలంటేనే మన కాళ్ళరగాలి!"

నజ్లా నవ్వలేదు. మలేషియా నుంచి వచ్చిన ఆ మెసేజ్ మళ్ళీ చదువుకుంది. రజాలీ, సల్మియా అనే మొగుడూ పెళ్ళాలు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వారం రోజుల్లో పాతకాలపు కట్టడాలు చూడాలట, పరుగులు మాత్రం పెట్టలేరట. మద్యం పోసే చోట కూర్చుని తినలేమనీ, ఏమీ అనుకోవద్దనీ చివర్లో రాశారు.

"వాళ్ళ బెంగ కోడి గురించి కాదు మామయ్యా. నైలు మీద తిరిగే పెద్ద ఓడల్లో భోజనాల గదిలోనే బార్ ఉంటుంది. అది లేని పడవ కావాలి వాళ్ళకి. నిదానంగా నడిచేది కావాలి. వంట బాగుండాలి."

మామయ్య నవ్వు ఆగిపోయింది. అలాంటి పడవ ఇద్దరికీ ఒక్కటే తెలుసు. ఆ పేరు ముందుగా ఎవరెత్తుతారా అని ఇద్దరూ గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు.

ప్రేమకథ అంటే వానలో మొదలవ్వాలని ఎవరు పెట్టారో కానీ, మా లక్సర్‌లో అది నడవదు. ఇక్కడ వాన కోసం ఆగితే అబ్బాయికీ అమ్మాయికీ తలలు నెరుస్తాయి. నజ్లా కథ మండుటెండలో, కొట్లాటతో మొదలైంది. అప్పటికి ఆమె మామయ్య ట్రావెల్ ఆఫీసులో చేరి ఏడాది. అస్వాన్ నుంచి షాజలీ అనే నూబియా తెగ కుర్రాడు కొత్తగా పనిలోకి వచ్చాడు. వచ్చిన రోజే, ఆమె కష్టపడి వేసిన ప్లాన్ తీసుకుని సగం గుళ్ళ పేర్లు కొట్టేశాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"రోజుకి నాలుగు గుళ్ళా? మనుషులనుకున్నావా, గొర్రెలనుకున్నావా?"

"అంత దూరం నుంచి డబ్బు పోసి వచ్చేది చూడటానికే కదా!"

"చూడటానికే. లెక్కపెట్టడానికి కాదు. నాలుగో గుడి దగ్గరకొచ్చేసరికి రామ్సెస్ రాజే లేచొచ్చి చెయ్యి కలిపినా వాళ్ళకి పట్టదు. రోజుకి ఒక్క గుడి. తర్వాత కడుపునిండా భోజనం. తర్వాత నిద్ర."

"నువ్వు వచ్చింది పనికా, పడకకా?"

షాజలీ పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె ఒళ్ళు మండింది. ఆ మంట ఎప్పుడు చల్లారిందో, దాని చోట్లోకి ఇంకేదో ఎప్పుడొచ్చి కూర్చుందో ఆమెకే తెలియదు. సాయంత్రాలు షట్టర్ సగం దించి, ఇద్దరూ మందార షర్బత్ తాగుతూ ఎవరికోసమూ కాని ప్రయాణం ఒకటి అల్లుకునేవారు. దానికి 'తొందరలేని వారం' అని పేరు పెట్టుకున్నారు. గిజా పిరమిడ్లు ఒక రోజు. సక్కారా సమాధులు ఇంకో రోజు. కర్నాక్ గుడి మాత్రం పొద్దువాలాక, ఆ స్తంభాల మధ్య చల్లగాలి మొదలయ్యాక. ఎస్నా రేవు నుంచి తెరచాపల పడవ, దారిలో ఎడ్ఫూ గుడి, చివరికి ఫిలే గుడి.

"పడవలో వంట?" అనేది నజ్లా.

"నాదే. మా అమ్మ నేర్పిన మునక్కూర, పావురం కూరన్నం... ఏంటలా చూస్తావ్? మునక్కూర అంటే మా ఇంట్లో ములూఖియా ఆకుకూరకి నేను పెట్టుకున్న పేరు. తింటే మునిగిపోతావ్, అందుకని!"

"ఛీ, ఏం పేరయ్యా అది!" అంటూ ఆమె నవ్వీ నవ్వీ పొలమారేది. మామయ్య లోపల్నుంచి దగ్గేవాడు. ఎంత మంచి రోజులో అవి! ఉన్నంతకాలం అవి మామూలు రోజుల్లాగే అనిపించాయి. పోయాకే విలువ తెలిసింది.

ఐదేళ్ళ కిందట షాజలీ అస్వాన్ వెళ్ళిపోయి, వాళ్ళ చిన్నాన్నతో కలిసి సొంత పడవ పెట్టుకున్నాడు. మళ్ళీ రాలేదు. నజ్లాకి సంబంధాలు వచ్చాయి. వచ్చిన ప్రతివాడిలో ఏదో ఒక వంక కనిపించింది. ఒకడు తొందరగా నడుస్తాడంది. ఆ వంక వినగానే మామయ్య విషయం అర్థమై ఊరుకున్నాడు.

"సరే, నేనే చెప్తాను," అన్నాడిప్పుడు ఆయన. "షాజలీ పడవే. ఫోన్ నువ్వు చెయ్యి. ఇంకో మాట కూడా నీ చెవిన పడాలి. వాళ్ళమ్మ వాడికి పిల్లని వెతికిందట. ఈ నెలాఖరు గురువారం చూడటానికి వెళ్తున్నారట."

"నాకెందుకు చెప్తున్నావ్?"

"ఊరికే."

ఊరికే చెప్పిన ఆ మాటకి నజ్లా క్యాలెండర్లో గురువారాలు లెక్కపెట్టుకుంది. ఫోన్ తీసింది. రింగ్ అవుతుంటే గొంతు సవరించుకుంది.

"షాజలీ గారేనండీ? లక్సర్ నుంచి నజ్లాని."

"గారా? ఎప్పట్నుంచి?"

"ఇద్దరు అతిథులు. ఎస్నా నుంచి అస్వాన్ దాకా. మద్యం ఉండకూడదు."

"నా పడవలో ఎప్పుడుంది? రోజుకి ఎన్ని గుళ్ళు?"

"ఒకటి."

"ఎన్నాళ్ళకి బుద్ధొచ్చింది!"

"అది అతిథుల మోకాళ్ళ గొప్పండీ, మీది కాదు," అని ఫోన్ పెట్టేసింది. తర్వాత చాలాసేపు ఒంటరిగా నవ్వుకుంది, అంతలోనే ఏడుపొచ్చింది.

రజాలీ, సల్మియా వచ్చారు. కైరోలో ఇద్దరూ పిరమిడ్ ఎదుట కుర్చీలు వేయించుకుని, పూట గడిచేదాకా కదల్లేదట. రైలు దిగి లక్సర్‌లో అడుగుపెట్టాక నజ్లానే వెంట ఉంది. రాజుల సమాధులు చూడటానికి నది దాటారు. తిరిగి రేవుకి వస్తుంటే, గట్టున పడవలో కూర్చుని ఒక పడవవాడు తింటున్నాడు. ఒడిలో రొట్టెలు, ఉప్పుచేప, ఉల్లిపాయ. వీళ్ళని చూసి చెయ్యి ఊపాడు.

"దయచేయండి, దయచేయండి! భోంచేద్దాం!"

"హాయిగా తినండి, మేం తినే వచ్చాం," అంది నజ్లా నడక ఆపకుండా. నాలుగడుగులు వేసి చూసుకుంటే పక్కన ఎవరూ లేరు. సల్మియా మోకాళ్ళు పట్టుకుని పడవ ఎక్కుతోంది. రజాలీ వెనకనుంచి సాయం పడుతున్నాడు.

పడవవాడు నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని చూశాడు పాపం. వెంటనే తేరుకుని, భుజం మీద శాలువా తీసి పరిచాడు. ఉన్న రొట్టెల్ని ముగ్గురికీ పంచాడు. సల్మియా ఉప్పుచేప తిని, అచ్చం వాళ్ళ ఊరి చేప రుచేనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లేచేటప్పటికి పడవవాడు ఆవిడని అక్కా అని పిలుస్తున్నాడు. గట్టు మీద నజ్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

"అలా వెళ్ళకూడదమ్మా!" అంది నది దాటి కారెక్కాక. "ఇలాంటిదాన్నే మా వైపు 'పడవవాడి పిలుపు' అంటారు. తింటూ ఉంటే దారినపోయేవాళ్ళని పిలవడం వాళ్ళ మర్యాద. వద్దనడం మన మర్యాద. నిజంగా పెట్టాలనుంటే రెండోసారి అడుగుతారు, మూడోసారీ అడుగుతారు. అప్పుడు ఒప్పుకోవాలి."

సల్మియా ఆలోచనలో పడింది. "మరి నిజంగా పెట్టాలనుకున్నవాడు ఒక్కసారే అడిగితే? వాడి గతేంటి?"

నజ్లాకి షాజలీ ఊరొదిలి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది.

ఆ రోజు షాజలీ ఒక్కసారే అడిగాడు. సామాను సర్దుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడి, చెవులు ఎర్రబడి, "మా ఊరొచ్చేయి నజ్లా. మా ఇంటికి. ఉండిపోవడానికి," అన్నాడు. ఆమె లోపల గంతులు వేసింది. పైకి మాత్రం, పెద్దింటి పిల్లగా పెరిగిన నోరు దానంతటదే పలికింది. "అయ్యో వద్దులే, మీకెందుకు శ్రమ!" ఇంకోసారి అడుగుతాడని తల వంచుకుని నిలబడింది. మూడోసారికి ఏమనాలో కూడా అనుకుంది. తల ఎత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ఐదేళ్ళూ ఆమె కోపం ఒకటే: ప్రేమించినవాడు ఒక్కసారి అడిగి ఊరుకుంటాడా?

మర్నాడు ఎస్నా రేవులో పడవ ఎదురుచూస్తోంది. రెండు తెరచాపలు, శుభ్రంగా కడిగిన చెక్క నేల. షాజలీ కొంచెం ఒళ్ళు చేశాడు. నవ్వు మాత్రం పాతదే. సల్మియా చేతికి కర్ర అందించి, మెత్తలు సర్ది, భోజనం వడ్డించాడు. పావురం కూరన్నం, ఆకుకూర, వేడి రొట్టెలు. రజాలీ తలెత్తకుండా తిన్నాడు. నజ్లా తన పళ్ళెం సల్మియా వైపు జరిపింది. అతిథుల్ని అప్పగించి కారులో లక్సర్ వెళ్ళిపోవడమే ఆమె పని. భోజనాలయ్యాక పడవ ముందు భాగాన షాజలీ తెరచాప తాళ్ళు విప్పుతుంటే దగ్గరకెళ్ళింది.

"గురువారం పెళ్ళిచూపులట."

"మీ మామయ్య చెప్పేశాడా? అవును."

"షాజలీ, ఒక్కటి అడుగుతాను. ఆ రోజు మళ్ళీ ఎందుకు అడగలేదు?"

అతను తాడు వదిలి ఆమెకేసి చూశాడు. "వద్దన్నావుగా."

"వద్దంటే వద్దనా? ఎవరైనా మొదటిసారే అవునంటారా? నువ్వు ఈ దేశంలోనే పుట్టావా లేదా?"

"అన్నం దగ్గరైతే మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు అడుగుతాను. నా చేత్తో నోట్లో పెడతాను," అన్నాడు అతను మెల్లగా. "ఆడపిల్ల వద్దన్నాక మళ్ళీ అడిగితే అది మర్యాద కాదు నజ్లా, వెంటపడటం. మా చెల్లెలి వెంట ఒకడు అలాగే పడ్డాడు. 'కాదంటే అవునని అర్థం' అనేవాడు. పిల్ల బడి మానేసి ఇంట్లో కూర్చుంది. ఆ రోజే అనుకున్నాను, నేనెప్పుడూ రెండోసారి అడగనని. నీకు ఇష్టం లేదనే అనుకున్నాను. అస్వాన్ దాకా రైల్లో ఏడుస్తూనే వెళ్ళాను, నీకు నవ్వులాటగా ఉంటుందేమో."

ఆమెకి నవ్వు రాలేదు. ఐదేళ్ళుగా మోసిన కోపం ఎక్కడ దింపాలో తెలియక నిలబడింది. "నాకు ఇష్టమే," అనాలని నోరు తెరిచింది.

"గాలి లేచింది, మోకు విప్పుతున్నా!" అని చిన్నాన్న వెనక నుంచి కేకేశాడు. "దిగేవాళ్ళు దిగండి!"

షాజలీ పక్కకి జరిగి దారిచ్చాడు. "జాగ్రత్తగా వెళ్ళు. బల్ల తడిగా ఉంది."

అంతే అన్నాడు. ఉండిపొమ్మని అనలేదు. నజ్లా చెక్కబల్ల మీదుగా గట్టుకి దిగింది. కారు డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు. పడవ మీద సల్మియా రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తోంది. చిన్నాన్న బల్ల లాగడానికి వంగాడు.

అప్పుడు తెలిసింది నజ్లాకి. అతను ఇక అడగడు. ఈ జన్మకి అడగడు. అడగని మంచితనం అతనిది, అడగనిదే కదలని పెంపకం తనది. ఇలా చెరో గట్టున మర్యాదగా నిలబడితే గురువారం వస్తుంది, వెళ్తుంది. పిలవని పేరంటానికి వెళ్ళిందని ఊరంతా అనుకోనీ. ఆమె చెప్పులు చేతబట్టుకుని, చిన్నాన్న చేతుల్లోంచి జారబోతున్న బల్ల మీద ఒక్క పరుగు తీసింది.

"అమ్మో, పిల్లా! మునుగుతావే!" చిన్నాన్న కెవ్వుమన్నాడు.

ఆమె వచ్చి షాజలీ ముందు నిలబడింది. ఆయాసం, చెమట, పాదాల నిండా బురద.

"ఏదైనా మర్చిపోయావా?" అన్నాడు అతను కంగారుగా.

"లేదు. వచ్చేశాను."

"నేను... పిలవలేదుగా?"

"సొంతింటికి ఎవరైనా పిలిస్తే వెళ్తారా?"

షాజలీ చెవులు ఎర్రబడ్డాయి. పడవ అప్పటికే గట్టు వదిలింది. తెరచాపలు గాలి నింపుకున్నాయి. సల్మియా మొగుడి డొక్కలో పొడిచి, "మీరు ఈ రాత్రి నుంచి పైన పడుకోండి. ఈ పిల్ల నా గదిలో," అంది. రజాలీ బుద్ధిగా తల ఊపాడు.

నజ్లా కూర్చోవడానికి మెత్త వైపు వెళ్ళబోయింది.

"అక్కడ కాదు," అన్నాడు షాజలీ. కళ్ళు నవ్వుతున్నాయి. "అది అతిథులకి. ఇంటి మనిషివి కదా, లోపల అంట్లున్నాయి, తోము."

ఆమె దుస్తుల చేతులు పైకి మడుచుకుని వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు మధ్య అతను ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది.

"అమ్మా, గురువారం మనం ఎక్కడికీ వెళ్ళట్లేదు. వాళ్ళకి ఇవాళే కబురు పెట్టు... ఊఁ, లక్సర్ నజ్లా... లేదమ్మా, నేను అడగలేదు. తనే వచ్చింది."

అవతల ఆవిడ గొంతు వంటగది దాకా ఖంగున వచ్చింది.

"హమ్మయ్య! మీ ఇద్దర్లో ఒకరికైనా నోరు పెగిలింది!"