బొల్లారం మలుపులో చల్లని చేతులు

బొల్లారం రైల్వే గేటు దాటాక వచ్చే మలుపుకు మంచి పేరు లేదు. పొద్దుగూకాక అక్కడ ఎవరైనా బండి మీంచి పడితే, వెనక నుంచి రెండు చల్లని చేతులొచ్చి తల పట్టుకుంటాయట…

ఆ చేతులు మా అన్న ఆర్థర్‌వేనని కూడా అంటారు. అలా అన్నవాళ్లందరినీ నోటికొచ్చినట్టు తిట్టాను.

అన్నయ్య అంబులెన్సులో పనిచేసేవాడు. డ్రైవరు జీవరాజు. దెబ్బలు తగిలినవాళ్లను ఎలా ఎత్తాలో అప్పట్లో వాళ్లకు క్లాసులు పెట్టారు. ముందు తల కదలకుండా పట్టాలి, మెడకు పట్టీ వేయాలి, ఆ తర్వాతే ఎత్తాలి. అన్నయ్య ఇంట్లో అందరి తలలూ పట్టి చూపించాడు.

"నేను సుత నేర్చుకున్న," అన్నాడు జీవరాజు, మా అమ్మ వడ్డించిన కూర కలుపుకుంటూ.

ఆ నెలలోనే అన్నయ్య ఆ మలుపులో బండి మీంచి పడ్డాడు. అంబులెన్సు తీసుకుని వచ్చింది జీవరాజే. మెడ విరిగి అన్నయ్య పోయాడు. జీవరాజు శవపెట్టె మోశాడు. అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాను నేను.

మొన్న వానాకాలంలో అదే మలుపులో జీవరాజు బండి జారింది. ఆస్పత్రికి వెళితే, మెడకు పట్టీతో పడుకుని, గుసగుసగా చెప్పాడు.

"కాళ్లు కదుల్తలేవు తమ్మీ… కరెంటు లేదు. అప్పుడొచ్చినయ్ చేతులు. గుర్తువట్టిన. 'నన్ను చంపకు ఆర్థర్' అన్న…"

చేతులు మెడ తిప్పలేదు. వదల్లేదు. అంబులెన్సు వచ్చి, అందులో పనిచేసే డోరా అనే అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని పట్టీ బిగించేదాకా — అలాగే ఉన్నాయి. డోరాకు మాత్రం అక్కడ ఎవరూ కనబడలేదట. జీవరాజు మళ్లీ నడుస్తాడన్నారు డాక్టర్లు.

"చంపకు అని ఎందుకన్నవ్?" అడిగాను.

జీవరాజు పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"క్లాసుకు పోలేదు తమ్మీ… సంతకం పెట్టి సినిమాకు పోయిన. ఆ దినం ఆర్థర్ నన్ను జూసి, 'నువ్వొచ్చినవ్, ఇగ ఫికర్ లేదు' అన్నడు. చంకల చేతులేసి గుంజిన… మెడ వాలిపోయింది."

ఇన్నేళ్లూ మా ఇంట్లో తిన్నాడు. మా అమ్మ ప్రార్థనలో రోజూ ఇతని పేరు! ఆ పట్టీ ఊడబీకాలనిపించింది. చేయి చాచాను కూడా.

"మొన్న అన్న ఏమన్నా అన్నడా?" అడిగాను.

"ఒక్కటే మాట…" జీవరాజు కళ్లు మూసుకున్నాడు. "చేతులు ఇడిసేముందు చెవుల జెప్పిండు — 'గిట్ల పట్టాలెరా, జీవరాజు… గిట్ల.'"