లింబయ్య రాయి

ఆరో గుర్తు కూడా చెరిగిపోయాక గంగామణి రాతి గీతలను కరిగించి చెరిపే తుడుపుదీపం ఆర్పి, రాతిని చేత్తో తడిమి చూసింది. నున్నగా ఉంది. దాని మీద ఏం రాసుందో ఆమె చూడలేదు. చదువుతూ కూర్చుంటే పని తెమలదు.

యాత్రికుల బండి వచ్చేలోగా ఈ ఎడారి లోయలో కొత్త గీతలన్నీ పోవాలి. రెండువేల ఏళ్ల కిందటి ఒంటెల కాపరులు రాళ్ల మీద గీసుకున్న పేర్లు చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో అరబ్బు దేశానికి వస్తారు. ఎండవన్నె పట్టని లేత గీతలు మాత్రం మరకల కిందే లెక్క. ఏది మరకో తేల్చేది లోయను కాసే యంత్రం, పహరా. దానికి ఒళ్లు లేదు, గొంతొక్కటే. అదీ వినేవాళ్ల యాసలోనే పలుకుతుంది.

"అక్కా, ఇంకొకటి పెద్దబండ కింద ఉన్నది. జల్ది కానియ్," అంది పహరా ఆమె చెవిలో.

గంగామణి వంగి చూసింది. తెలుగు అక్షరాలు. 'లింబయ్య, ఎర్రగుంట. మూడు ఒంటెలు తప్పినయి. బుగులైతుంది.'

తాత పేరు, తాత ఊరు. ఒంటెలు కాయడానికి వచ్చి ఆయన ఈ ఇసుకలోనే ఆనవాలు లేకుండా పోయాడు. ఉన్నాడో లేడో తేలక, అవ్వ తను పోయేదాకా బొట్టు తీయలేదు. పక్క బండ మీద పాతకాలపు కాపరి రాసుకున్నదీ అదే: మంద తప్పింది, భయంగా ఉంది. దానికేమో కంచె, నీడ, టికెట్టు. గంగామణికి ఒళ్లు మండింది. మాట వినకపోతే పొద్దుగూకేలోగా దేశం దాటిస్తారని గుర్తొచ్చి వెంటనే దీపం పైకెత్తింది.

పహరా నియమాల్లో ఒక్క వెసులుబాటుంది. గీత ఎంత కొత్తదైనా, వచ్చినవాళ్లు చాలినంతసేపు ఆగి చూస్తే అది వారసత్వమే. ఇంతవరకూ దాని జోలికి ఎవరూ పోలేదు.

బండి వచ్చి ఆగింది. ఆమె దీపం కింద పెట్టి, యాత్రికులను దారి తప్పించి పెద్దబండ దగ్గరికి తీసుకెళ్లింది. పనివాళ్ల మీద పహరా నిఘాకు కట్టిన మణికట్టు పట్టీ హెచ్చరికగా ఎర్రగా వెలిగింది. వేలితో ఒక్కో అక్షరం చూపించి, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పింది. ఈయన మా తాత అని కూడా చెప్పింది. ఎవరూ కదల్లేదు. ఒక ముసలామె అవ్వ బొట్టు సంగతి మళ్లీ చెప్పించుకుని వింది.

పట్టీ మీది ఎరుపు ఆరిపోయింది.

"ఇది వారసత్వమే అక్కా. తుడవకు," అంది పహరా. గంగామణి హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ అడిగింది.

"మరి పొద్దుగాల నువ్వు తుడిసినయి ఎవలియి?"

ఆమె వెనక్కి తిరిగి నున్నటి రాళ్ల వైపు చూసింది.