సర్వసంధి

ఆ కాలానికి కాకినాడలో ఏ ఇంట్లో చూసినా తీగ అన్నది కనిపించడం మానేసింది. ఫ్రిజ్జు గోడతో మాట్లాడేది, గోడ వీధితో మాట్లాడేది, వీధి సముద్రం అడుగున పరుచుకున్న వేగజాలంతో మాట్లాడేది. వేగజాలమంటే పాతకాలపు ఇంటర్నెట్టుకి మునిమనవడు అనుకోండి. దాని వేగం పెరిగినప్పుడల్లా దానికి తగిలించే కనెక్టర్ల ప్రమాణాలూ మారిపోయేవి. నిరుడు కొన్న యంత్రం ఈ ఏడు గోడకి అతుక్కోదు. జనానికి అదేం పెద్ద బాధ కాదు, పాతది పారేసి కొత్తది తెచ్చుకునేవారు.

కేదారాన్ని పారేయడం కుదరదు కదా!

కేదారం ఒకప్పుడు పోర్టులో పూడిక తీసే డ్రెడ్జరు నడిపేవాడు. మహా మాటకారి. టీకొట్టు దగ్గర నిలబడ్డాడంటే చుట్టూ జనం పోగవ్వాల్సిందే. పెళ్లయిన కొన్నాళ్లకే మెదడులో నరం చిట్లి మంచాన పడ్డాడు. చెవులు వింటాయి, ఒంటికి నొప్పి తెలుస్తుంది, మనసు చెక్కుచెదరలేదు. కానీ కాలూ చెయ్యీ నోరూ, ఆఖరికి కనురెప్ప కూడా తను చెప్పినట్టు వినదు. పాపం, అంత మాటల మనిషికి అలాంటి రోగం రావాలా!

అతని అక్క అలివేలు పరిశోధనశాలలో అప్పుడే ‘భావలేఖిని’ తయారవుతోంది. నువ్వుగింజలంత ఎలక్ట్రోడ్లని మెదడులో అమర్చితే, నాలుక పలకాలనుకున్న మాటని అవి పట్టుకుంటాయి. చెవి వెనక సాకెట్టు, అందులోంచి ఓ బూడిదరంగు కేబుల్, దాని చివర మంచం పక్కన బీరువా అంత కంప్యూటర్. సంకేతాలని మాటలుగా మార్చి స్పీకర్లో పలికించేది ఆ కంప్యూటరే. బజారులో అమ్మే వస్తువు కాదది. పరిశోధన కోసం ఒకటో రెండో చేశారు, ఒకటి కేదారం తలలో ఉండిపోయింది.

ఇరవై ఏళ్లకి పైగా అతను దానితోనే మాట్లాడాడు. కానీ ఒక్కో మాటకీ చాలాసేపు పట్టేది. ఏళ్లు గడిచేకొద్దీ కంప్యూటర్ ముసలిదైపోయింది, కేబుల్ కొసన పిన్నులు అరిగిపోయాయి. మనిషి పక్కనుంచి నడిస్తే చాలు, మాట మధ్యలో తెగిపోయేది. అలాంటి కనెక్టర్లు చేసే కార్ఖానా మూతపడింది. అలివేలు కాళ్లరిగేలా తిరిగింది, పాత సామాను కొట్లన్నీ గాలించింది. ఎక్కడా దొరకలేదు.

“ఆ సాకెట్టుని వేగజాలానికే తగిలించేద్దాం మేడమ్. లెక్కలన్నీ అదే చేసిపెడుతుంది,” అన్నాడు ఇర్ఫాన్. అతను ఆమె దగ్గర పనిచేసే నెట్‌వర్క్ ఇంజనీరు.

“దానికీ దీనికీ మధ్య పన్నెండు తరాల ప్రమాణాలున్నాయయ్యా. ఏ మూతికి ఏ మూత పెడతావు?”

“అన్ని మూతులకీ సరిపడే మూత ఒకటి చేయండి మరి.”

అతను వేళాకోళానికే అన్నాడు. అలివేలు మాత్రం పంతం పట్టి నిజంగానే చేసింది. పేరు ‘సర్వసంధి’. చూడ్డానికి చలిమిడి ముద్దలా ఉంటుంది. ఏ సాకెట్టులో నొక్కితే ఆ ఆకారానికి సర్దుకుంటుంది. ఏ పిన్నులో ఏ సంకేతం వస్తోందో తనంతట తానే తెలుసుకుని, కొత్త జాలానికి అర్థమయ్యే భాషలోకి మార్చేస్తుంది.

ఒక్క చిక్కు మిగిలింది. వేగజాలం ఎవరికోసమూ ఆగదు. తగిలించిన యంత్రం రెప్పపాటు మౌనంగా ఉంటే పాడైపోయిందనుకుని సంబంధం తెంపేస్తుంది. దాన్ని ‘ఎదురుచూపు హద్దు’ అంటారు. ప్రమాణాల కమిటీ కూర్చున్నప్పుడల్లా ఆ హద్దుని ఇంకాస్త కుదించేది, కమిటీలో అలివేలు కూడా సంతోషంగా చెయ్యెత్తేది. ఇంజనీర్ల లెక్కలో మౌనమంటే లోపం, అంతే. అందుకని సర్వసంధిలో ఆమె ‘పూరకం’ అనే చిన్న కృత్రిమమేధని పెట్టింది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తే, ఆ మనిషి పాత సంభాషణల్ని బట్టి ఊహించి అది నింపుతుంది.

మొదటిరోజు సర్వసంధి పెట్టగానే స్పీకర్ గలగలలాడింది.

“ఏంటక్కా, అంత నీరసంగా ఉన్నావు? ల్యాబులో అన్నం పెట్టట్లేదా?”

వంటింట్లోంచి మరదలు సులోచన పరుగెత్తుకొచ్చింది.

“సులోచనా, ఆ పులుసు వాసనకి నాకు తిండి పోసే గొట్టం కూడా లొట్టలేస్తోందే!”

సులోచన పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. “వదినగారూ, మా ఆయన నాకు మళ్లీ దొరికాడండీ,” అంటూ అలివేలుని పట్టుకుని ఊపేసింది.

ఇల్లు ఇల్లులా లేదు, పెళ్లివారిల్లులా ఉంది. పోర్టు స్నేహితులు రావడం మొదలుపెట్టారు. కేదారం జోకులేసేవాడు, అడిగినవాటికి టకటకా జవాబులిచ్చేవాడు. పొద్దున్నే అలివేలు “ఎలా ఉన్నావురా?” అంటే “రాజాలా ఉన్నాను,” అనేవాడు. ఆ మాట విని ఆమె హాయిగా ల్యాబుకి వెళ్లేది.

వర్షాకాలం గడిచాక, మామూలుగా చేసే తనిఖీలో ఇర్ఫాన్ ఒకచోట ఆగిపోయాడు.

“మేడమ్, జాలం వైపు మాటలు వరదలా ఉన్నాయి. తల వైపు నుంచి మాత్రం చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. కొన్ని వారాలుగా అదీ ఒకటే మాట.”

“ఏ మాట?”

“మీరే చూడండి,” అని స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు.

పన్ను. నొప్పి. పన్ను. నొప్పి. అక్కా, పన్ను.

అలివేలు వెంటనే డాక్టర్‌కి కబురు పెట్టింది.

డాక్టర్ వచ్చి చూస్తే చివరి దవడపన్ను లోపల్లోపలే కుళ్లి, చీము ఎముక దాకా దిగింది. మామూలు మనిషైతే ఒక్క రోజు కూడా ఓర్చుకోలేడని ఆయన అన్నాడు. పన్ను పీకారు. సులోచన నేలమీద కూలబడి తల బాదుకుంది. “రోజూ మొహం తుడిచేదాన్నండీ! రోజూ అడిగేదాన్ని, బ్రహ్మాండం అనేవారు!”

అలివేలు సర్వసంధిని ఊడదీసి పాత కేబుల్ తగిలించింది. ముసలి కంప్యూటర్ మూలిగింది. అలివేలూ సులోచనా మంచం పక్కనే కూర్చున్నారు. ఎంతోసేపటికి పాత గొంతు, బొంగురుది, ఒక్కో మాటే దింపింది.

“అక్కా. వాడు. ముందే. మాట్లాడేస్తున్నాడు.” మళ్లీ చాలాసేపు. “నేను పోగేసుకునేసరికి. మీరు నవ్వేసి. వెళ్లిపోతున్నారు.”

అలివేలు ల్యాబుకొచ్చి ఇర్ఫాన్ మీద విరుచుకుపడింది. “ఈ పాడుబుద్ధి దీనికెక్కణ్ణుంచి వచ్చిందయ్యా? నేర్పింది వాడి మాటలే కదా!”

“ఆయన మాటలు పిసరంతే మేడమ్. ఇంట్లో ఇన్నేళ్లూ రికార్డయినవన్నీ నేర్పాం. వినండి.”

విన్నది. సులోచన గొంతు: “మంచినీళ్లా? దుప్పటా? నిద్రొస్తోందా? అవునా, నిద్రేనా?” తర్వాత తన గొంతే: “పాటలు పెట్టనా? పెట్టమనేగా? నాకు తెలుసులే.” తర్వాత పెద్ద ఖాళీ. ఆ ఖాళీ చివర కేదారం, “ఊఁ.” ఏ రోజుది విన్నా అంతే. ఇరవై ఏళ్లు వాడికి శ్రమ తగ్గించాలనే వాడి మాట వీళ్లే పూర్తిచేస్తూ వచ్చారు. అందులో కపటమేమీ లేదు, ఉన్నదంతా ప్రేమే. పూరకం శ్రద్ధగా నేర్చుకున్నది ఆ ప్రేమనే. వాడు ఆగితే వాడి బదులు మనం చెప్పాలి, ఎదుటివాళ్లకి ఏది వినాలనుంటే అది చెప్పాలి.

అలివేలు ఏడుస్తూ కూర్చుంది. ఇర్ఫాన్ టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు.

పాత కేబుల్‌ని జాగ్రత్తగా వాడితే ఇంకో రెండేళ్లు లాక్కురావచ్చు. ఇకమీదట అదేనని అలివేలు ఇంట్లో గట్టిగా చెప్పింది. మొదటి రోజుల్లో అందరూ మంచం చుట్టూ ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత స్నేహితులు ఒక్కొక్కరే పనులున్నాయని లేచారు. సులోచన మాత్రం కూర్చునేది, కానీ ఆమె మొహంలో కళ పోయింది. ఆ మౌనంలో కేదారం మంచాన పడ్డ తొలిరోజులే ఆమెకి మళ్లీ కనిపించేవి కాబోలు. ఒకనాడు వరండాలో నిలబడి, “వదినగారూ, తప్పని తెలుసండీ. ఒక్క గంట దాన్ని పెట్టరా? ఆయనలా మాట్లాడుతుంటే నాకు బతకాలనిపించేది,” అంది.

అలివేలుకి ఒళ్లు మండింది. “అది మీ ఆయన కాదమ్మా! బొమ్మ!” అని కసిరి తమ్ముడి దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఆ మాటలన్నీ కేదారం విన్నాడు. వంటింట్లో గిన్నెలు కడిగే చప్పుడు ఆగి, మళ్లీ మొదలయ్యే దాకా స్పీకర్ పలకలేదు.

“పెట్టేయ్. అక్కా.”

“ఏంట్రా నువ్వనేది?”

“వాడు. మాట్లాడితే. సులోచన. నవ్వుతోంది.”

అలివేలు తమ్ముడి చెయ్యి పట్టుకుంది. “మరి నువ్వేమైపోతావురా? అది పెడితే నీ మాట ఒక్కటీ మాకు చేరదు. నీకేం కావాలో చెప్పు. ఎంతసేపైనా ఆగుతాను. ఒట్టు.”

ఆగింది. నిజంగానే ఆగాలనుకుంది. కంప్యూటర్ గొణుగుతోంది. కేదారం కళ్లు పైకప్పు వైపే ఉన్నాయి. ఏదో పోగేసుకుంటున్నాడు, పెద్ద మాటే అయి ఉంటుంది. ఆ మాట ఏమిటోనని ఆమెకి భయమేసింది. బతకడం చాలంటాడేమో. ఇన్నాళ్లూ మీరు నన్ను వినలేదంటాడేమో. ఇంకాసేపు ఆగడం ఆమె వల్ల కాలేదు.

“సులోచన సంతోషమే నీ సంతోషం అంటావు. అంతేగా? నాకు తెలుసులే,” అంది.

అంటున్నప్పుడే ఆమెకి తెలిసిపోయింది ఏం చేస్తోందో. అయినా మాటని వెనక్కి తీసుకోలేదు.

చాలాసేపటికి, “ఊఁ,” అన్నాడు కేదారం.

అలివేలు కేబుల్ తీసేసి, సర్వసంధిని సాకెట్టులో నొక్కింది. అది మెత్తగా సర్దుకుంది.

“ఏంటక్కా, మొహం అలా పెట్టావు? టీ తాగలేదా ఏంటి? సులోచనా, మీ వదినకి టీ పెట్టవే!”

వంటింట్లోంచి సులోచన నవ్వు వినిపించింది.

అలివేలు కళ్లు తుడుచుకుని, స్పీకర్ వైపు తిరిగి, “ఇంకా తాగలేదురా,” అంది.