అర నిమిషం నిశ్శబ్దం

ఎప్పుడో మూతపడ్డ ఆ అచ్చాఫీసు వైపు పొద్దుగూకితే ఆటోవాళ్లు కూడా రారు. దాని నేలకింది గదిలో మెషిన్ నడిపిన ఒక పెద్దాయన అక్కడే పోయాడు. యంత్రాల రొదలో కేక వినబడదని, పేజీ సిద్ధమైతే గొట్టం మీద మూడుసార్లు కొట్టేవాడట. ఇప్పటికీ కొడుతున్నాడంటారు.

నేను నమ్మలేదు... మా పిన్ని కొడుకు చెప్పేదాకా.

వాణ్ని స్నేహితులు ‘చెవులోడు’ అంటారు. షార్ట్ ఫిల్ముల్లో సౌండు వాడి పని, డైరెక్షన్ వాళ్లక్కది. నలభై ఎనిమిది గంటల్లో సినిమా తీసివ్వాల్సిన పోటీలో ఆమెకి ఇప్పటికి రెండుసార్లు గడువు తప్పింది. “ఈసారీ తప్పితే ఇక జన్మలో కెమెరా ముట్టనురా,” అందట. అన్నంత పనీ చేసే మనిషి.

శనివారం రాత్రి ఆ అచ్చాఫీసులోనే షూటింగు. కింది గదిలోకి దిగే దారి మీదున్న ఇనప మూత ఫ్రేములో అసహ్యంగా ఉందని, తివాచీ పరిచి, నలుగురు కలిసి దానిమీదికి బీరువా జరిపారు.

అంతా అయ్యాక చెవులోడు అందర్నీ కదలొద్దన్నాడు. మాటల మధ్య అతికించడానికి ఖాళీ గది చప్పుడు అర నిమిషం రికార్డు చేసుకోవాలి. అది వాడి అలవాటు. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఠక్... ఠక్... ఠక్.

చేతికందిన సామాను పట్టుకుని ఒకటే పరుగు.

ఆదివారం సాయంత్రం ఆరు. గడువు ఏడు. సగం సీన్లకి ఇంకా సౌండు పడలేదు. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

“ఆ చప్పుడు ఉంచెయ్యరా,” అంది. “దెయ్యం సినిమాకి దెయ్యమే వచ్చి సౌండిచ్చింది.”

వాడు వాల్యూమ్ పెంచాడు. మూడు దెబ్బలు... వాటి వెనకాల, సన్నగా — దగ్గు.

“అక్కా... దెయ్యాలు దగ్గుతాయా?”

వాడికి పొద్దున ఫోనులో చూసిన సిటీ వార్త గుర్తొచ్చింది. కుక్కల బెడదకీ కరెంటు కోతకీ మధ్య నాలుగే లైన్లు. నీటి మీటర్లు చూసే ఉద్యోగి శుక్రవారం నుంచి కనబడటం లేదు. చివరిసారి కనబడింది ఆ వీధిలోనే. అచ్చాఫీసు మీటరేమో కింది గదిలో ఉంది.

మూతమీద బీరువా పెట్టింది వీళ్లే.

పోలీసులకి ఫోన్ చేస్తే, “ఆ దెయ్యం మీద వారానికి నాలుగు ఫోన్లొస్తాయి బాబూ,” అని పెట్టేశారు. రాత్రంతా మేలుకున్న స్నేహితులెవరూ ఫోనెత్తలేదు.

“నువ్వు సినిమా చూసుకో. నే వెళ్తా,” అన్నాడు.

“నలుగురం జరిపాం రా దాన్ని... ఒక్కడివేం చేస్తావ్?”

ఒక్క క్షణం తెరకేసి చూసి, ల్యాప్‌టాప్ మూసేసింది.

అచ్చాఫీసుకి పరుగెత్తి, వీపులు గోడకి ఆనించి, కాళ్లతో బీరువాని తన్నారు. అక్క ఏడుస్తూనే తన్నింది. పోతున్న సినిమా కోసమో, కిందున్న మనిషి కోసమో ఆమెకే తెలీదు. చివరికి మూత లేచింది. విరిగిన నిచ్చెన పక్కన మీటరాయన కొన ఊపిరితో ఉన్నాడు.

అప్పుడే అక్క ఫోనులో ఏడు గంటల అలారం మోగింది. ఆమె దాన్ని ఆపలేదు.

రెండ్రోజుల తర్వాత ఆస్పత్రికి వెళ్లారు. ఆయన రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లున్నాయి.

“మీరు తట్టబట్టే దొరికారు బాబాయ్,” అన్నాడు చెవులోడు.

“నేనా? పడగానే రెండు చేతులూ విరిగాయి నాయనా. గొంతు కూడా పెగల్లేదు.” ఆయన గొంతు తగ్గించాడు. “తట్టింది ఆ పెద్దాయన. మీ మాటలు వినబడుతున్నంతసేపూ — ఆగు, ఆగు అన్నాడు. మీరు నోళ్లు మూశాకే కొట్టాడు.”

ఆయన అక్క వైపు తిరిగాడు.

“అవునూ... ఆయన్ని కూడా పైకి తీశారు కదా అమ్మా?”