గోడకవతలి కొస

ఆ ఆదివారం ఉదయం సారవ్వ మంచం మీద మొదట సున్నం రాలింది, ఆ తర్వాత ఎర్రటి ఇటుక పొడి. పక్కబట్టలు తీసుకునే వ్యవధి కూడా ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

గోదావరిఖనిలో ఆమె కొడుకు కిషన్ కట్టుకున్న ఇంటికి రంగులు వేసి ఏడాది తిరగలేదు. బయట రెండు కెమెరాలు పెట్టించాలని నిర్ణయమైంది. వైరు ఈశాన్యపు గోడలోంచి తీస్తే దగ్గరి దారి. కానీ ఆ గోడకు తూటు పడితే సంతానానికి కీడని వాస్తు సిద్ధాంతి సెలవిచ్చాడు. దిక్కులు తెలియని చీకటిలో, బొగ్గు గనిలో షిఫ్టులు చేసే కిషన్ పైకి వచ్చాక మాత్రం దిక్కులకు భయపడేవాడు. అందువల్ల హాలుకూ తల్లి గదికీ నడుమనున్న గోడను తొలిచారు. దానికి ఏ కీడూ లేదని తేలింది.

“పెద్దవ్వా, వైరు కొస కనవడంగనే పట్టుకొని గుంజు,” హాల్లోంచి కేకేశాడు కెమెరాల పనికి వచ్చిన వీరేందర్. “మెల్లగ. రంగు పెచ్చు లేస్తె మీ కోడలు నన్ను గోడకు దిగ్గొడ్తది.”

“నన్ను కొట్టినంక మేకులు మిగిల్తె గద బిడ్డా,” అన్నది సారవ్వ.

కొస బయటికి రాగానే పట్టుకుని లాగసాగింది.

“అన్నా, ఒకటి గేటుకు పెడదం. రెండోది ఎటు తిప్పాలె?” వీరేందర్ అడిగాడు.

కిషన్ భార్య వైపు చూశాడు. రాజకుమారి చెప్పింది. “అత్తమ్మ గదికి పక్క తలుపున్నది గద, దాని మీదికి. వచ్చేటోళ్ల మొకం, పోయేటోళ్ల చేతుల సంచి, రెండూ కనవడాలె.”

సందులోకి తెరుచుకునే ఆ తలుపు నుంచి వచ్చేది ఒక్క శోభే. సారవ్వ కూతురు, కిషన్‌కు అక్క. సెంటినరీ కాలనీలో ఆమె కాపురం. ఈమధ్య అత్త పెట్టెలో వెండి కడియాలు లేవని రాజకుమారి కనిపెట్టింది. ఆ ఇంట్లో కెమెరాల మాట మొదలైంది ఆ తర్వాతే.

వైరు కదలడం ఆగిపోయింది.

“గుంజు పెద్దవ్వా.”

“గుంజ. కిషనూ, దొంగ పేరు చెప్పు, అప్పుడు గుంజుత.”

“దొంగెవలే అవ్వా. కాలం మంచిగ లేదు. బందులు, లొల్లులు. అందరు పెట్టుకుంటున్నరు.”

“అందరి కెమెరాలు వాళ్ల అక్కల మీదికి తిరిగున్నయా?”

రాజకుమారి గుమ్మంలోకి వచ్చింది. “కడెలు ఏమైనయో చెప్తె కెమెరా ఎందుకత్తమ్మా?”

“నా బిడ్డకిచ్చిన. మా అవ్వ నాకిచ్చింది, నేను దానికిచ్చిన. తల్లి కడెలు బిడ్డకే పోతయి. నీ అవ్వయి నీ దగ్గర లేవా?”

“ఇచ్చుకో, ఎవలొద్దన్నరు? మేమేదో పరాయోళ్లమైనట్టు దాసి దాసి ఇచ్చుడెందుకు?”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. సారవ్వకూ అది తెలుసు. అందుకే గొంతు పెంచింది. “నీ డ్యూటీకి సంతకం పెట్టిననాడు నీ అక్క ఏ తలుపు నుంచి వచ్చిందిరా కిషనూ?”

తండ్రి గట్టయ్య గనిలో పైకప్పు కూలి చనిపోయినప్పుడు, ఆయన ఉద్యోగం తమ్ముడికి ఇవ్వడానికి తనకు అభ్యంతరం లేదని శోభ సంతకం చేసింది. ‘అక్కా, నా ఇల్లు ఎప్పటికీ నీదే’ అని కిషన్ ఆనాడు ఏడ్చాడు. సంతకం కంపెనీ కాగితాల్లో ఉంది. ఏడుపుకు దస్త్రం లేదు.

పక్క తలుపు దగ్గర శోభ నిలబడి ఉంది, తల్లి కోసం కాల్చి తెచ్చిన సర్వపిండి గిన్నెతో. అంతా విన్నదని ఆమె చెప్పులు విప్పకపోవడంతోనే తెలిసింది. తల్లి చేతిలోని వైరు అందుకుంది.

“తమ్మీ, నువ్వటునుంచి తొయ్యి. నేను గుంజుత.”

వీరేందర్ చేతులు వదిలేశాడు. కిషన్ తోశాడు. తోయకుండా ఉండడానికి కావలసిన ధైర్యం అతనికి ఆ క్షణాన లేకపోయింది.

“రెండు కడెల కోసం గోడ తొలుచుడెందుకు తమ్మీ? అడిగితె తెచ్చిచ్చేదాన్ని గద,” అని, గిన్నెను ఇటుక పొడి పడ్డ మంచం మీద పెట్టి శోభ వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. కడియాలు తెలిసినవాళ్ల చేత పంపింది. రాజకుమారి వాటిని అత్త పెట్టెలో పెట్టింది. ఆ పూట అత్తకు వడ్డిస్తూ తలెత్తలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం షిఫ్టు దిగి వచ్చిన కిషన్ అన్నం ముందు కూర్చుని, టీవీలో పక్క తలుపు కెమెరా పట్టిన దృశ్యాలు వెనక్కి తిప్పాడు. ఏ రోజు చూసినా ఒకటే. సారవ్వ గడప మీద కూర్చుని సందు మలుపు వైపు చూస్తోంది. జల్లు కొడితే లోపలికి జరుగుతోంది, వెలిస్తే మళ్లీ వస్తోంది. కెమెరా వైపు ఒక్కసారీ కన్నెత్తలేదు.

అతను కంచం వదిలి లేచాడు. నిచ్చెన వేసి ఆ కెమెరాను విప్పాడు. హాల్లోకి వచ్చి వైరు లాగితే కొంత వచ్చి బిగిసింది.

“అవ్వా, అటునుంచి జర తొయ్యవే.” తూటు దగ్గర వంగి అన్నాడు.

గోడ అవతల మంచం జరిపిన చప్పుడైంది. తర్వాత వైరు కదిలింది. కొస చేతికి వచ్చాక, ఆ రంధ్రంలోంచి తల్లి గదిలోని వెలుతురు కనిపించింది.

“సిమెంటు కలిపి మూసేస్త,” అన్నాడు కళ్లు తుడుచుకుని.

“ఇప్పుడొద్దు,” అన్నది సారవ్వ అవతలి నుంచి. “నీ అక్క వచ్చినంక మూయి.”

శోభ వస్తుందో రాదో కిషన్‌కు తెలియదు. చెప్పులు వేసుకుని, తల్లి గదిలోకి వెళ్లి, పక్క తలుపు నుంచే సెంటినరీ కాలనీకి బయలుదేరాడు.